తెరమీద మెలిక

కొత్త మిషను వచ్చిన దగ్గర్నుంచి అమలాపురం ఆసుపత్రి నర్సు రూతమ్మకి ఒళ్లు మండిపోతోంది. పేగు క్యాన్సర్‌ని ముందే పసిగట్టే కెమెరా గొట్టమట. అది లోపల ఎలా మెలి తిరిగిందో అయస్కాంతాలతో కనిపెట్టి, తెరమీద పచ్చగీతగా చూపిస్తుంది. మూడు రోజులుగా రబ్బరు బొమ్మమీదే పరీక్షలు. మెలిక పడ్డప్పుడల్లా అది విడిపోయేలా బొమ్మ పొట్ట నొక్కి నొక్కి ఆమె చేతులు పడిపోయాయి.

రాత్రి ఎనిమిదింటికి డాక్టర్ భీమరాజు బయల్దేరుతూ అన్నారు. "మీకూ యాభై దాటేయి, ఆ కడుపునొప్పీ తగ్గట్లేదు కదండీ. రేపు మీరూ చేయించేసుకోండి."

"ఉత్త గ్యాసండీ బాబూ! మూడు నెలల్నించీ చెబుతూనే ఉన్నాను కదా!"

ఆయన వెళ్లాక గొట్టం కడిగి, బీరువాలో వేలాడదీసి తాళం వేసింది. వెనక్కి తిరిగితే తెరమీద పచ్చగీత మెల్లగా పాకుతోంది.

"నీ దుంప తెగ! ఇంకా ఏంటే?"

స్విచ్చి కట్టేసింది. ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది. గీత మాత్రం పోలేదు. మెలికపడి ఆగింది. విసుగ్గా బొమ్మ పొట్ట నొక్కింది. మెలిక కదల్లేదు.

అంతలో ఎడమ పక్క, ఎప్పుడూ నొప్పొచ్చే చోటే, కలుక్కుమంది. అలవాటుగా అరచేత్తో అదుముకుంది.

తెరమీద మెలిక బుద్ధిగా విడిపోయింది.

చెయ్యి తియ్యడానికి రూతమ్మకి ధైర్యం చాలలేదు.