ఎదురింటి మేడ గది

"బ్యాటరీ నిండిందా అమ్మా?"

ఎదురింటి డాబా మీంచి వయొలిన్ మాస్టారు కేకేశాడు.

సోలార్ పలకలు తుడుస్తున్న కోడలికి ఒళ్లు మండింది. ఈ ఇంట్లో దిగినప్పటి నుంచి రోజూ ఇదే ఆరా.

"లేదండీ, సగానికే ఆగిపోతోంది" అంది దిగులు మొహం పెట్టి.

నిజానికి మధ్యాహ్నానికే నిండిపోయింది.

"అయ్యో! మరి పెద్దావిడ ఊపిరి మిషన్‌కి?"

"ఏం చేస్తాం, అలాగే నెట్టుకొస్తున్నాం."

మెట్ల పక్క గదిలోంచి అత్తగారు అంతా వింది. కోడలు దిగగానే ముక్కు దగ్గర గొట్టం సర్దుకుంటూ అడిగింది.

"నిండినదాన్ని నిండలేదంటావేమే?"

"నిండిందంటే కళ్లలో నిప్పులు పోసుకుంటాడు అత్తయ్యా."

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే."

"మీరు హాయిగా ఊపిరి పీల్చుకోండి. ఊరి సంగతి నేను చూసుకుంటాను."

చూసుకోవడంలో ఆమెకు తిరుగులేదు. రాత్రి కరెంటుకి చౌక రేటు మొదలయ్యాకే బట్టల మిషన్ తిరిగేది. సాయంత్రం రేటు పెరిగే వేళకి ఇల్లంతా బ్యాటరీ మీదికి మారిపోయేది. మబ్బు పట్టిన రోజున చౌక కరెంటుతోనే బ్యాటరీ నింపి పెట్టేది. కరెంటు పోయి వీధంతా చీకట్లో తడుముకుంటున్నా అత్తగారి మిషన్ మాత్రం గురగురమంటూనే ఉండేది. మొగుడు కూడా స్విచ్ ముట్టుకోవాలంటే ఆమెను అడగాల్సిందే.

మాస్టారు ఆరా మానలేదు. కోడలు అబద్ధం మానలేదు.

ఓ ఉదయం ఎదురింటి మీద దబదబా చప్పుడు. కూలీలు మాస్టారి మేడ గది పగలగొడుతున్నారు. ఆయన పిల్లలకి వయొలిన్ నేర్పేది ఆ గదిలోనే.

"చూశారా! పాత గది పీకి అంతస్తు లేపుతున్నాడు. మన ఎండకే ఎసరు పెట్టాడు!" అంది మొగుడితో.

"ఓ మాట అడిగి చూడరాదూ?"

"అడిగేదేముంది? ఒక్క కొత్త ఇటుక పడనీండి, అప్పుడు చెప్తాను!"

ఆ రోజు నుంచి మాస్టారు ఎదురుపడితే మొహం తిప్పుకునేది. ఆయనా పలకరించడం మానేశాడు. పీడా వదిలిందనుకుంది.

కొత్త ఇటుక మాత్రం పడలేదు. కొన్నాళ్లకి వయొలిన్ పెట్టె చంకన పెట్టుకుని మాస్టారే వెళ్లిపోయాడు. ఆ ఇంట్లోకి ఆయన అక్క వచ్చి చేరింది.

కోడలు ఊరుకోలేక గేటు దగ్గర ఆమెను ఆపింది.

"మాస్టారు ఊరెళ్లారా అండీ?"

"ఎక్కడో దూరాన బడిలో పని దొరికిందమ్మా. ఇక్కడ పాఠాలు చెప్పుకునే చోటు లేకుండా పోయింది. కింద పక్క వాటాలో అద్దెకున్నవాళ్లు ఆ చప్పుడు ఓర్చుకోరు కదా."

"మరి పైన అంతస్తు వేయలేదేం?"

"అంతస్తా? ఎవరన్నారు?"

"గది పడగొట్టించారుగా!"

అక్క ఆశ్చర్యంగా చూసింది.

"మీతో చెప్పనేలేదా వాడు? సాయంత్రం పూట ఆ గది నీడ మీ పలకల మీద పడుతోందనీ, అందుకే మీ బ్యాటరీ నిండడం లేదనీ, పెద్దావిడ ఊపిరికి తన గది అడ్డం రాకూడదనీ, తనే దగ్గరుండి పడగొట్టించాడమ్మా."