ముందు పీట

వల దాటి అడుగేయబోయి బావ తాడులో కాలు ఇరికించుకున్నాడు. ఐసు పెట్టె మీద బోర్లా పడ్డాడు.

"మొన్న మోకాలు, ఇవాళ మోచెయ్యి. ఈ పడవలో మనిషికి తప్ప అన్నిటికీ చోటుంది" అన్నాడు లేస్తూ.

బావమరిది నవ్వలేదు. మొన్న నడిసముద్రంలో ఇలాగే కాలు చిక్కుకుని బావ నీళ్లలో పడబోయాడు. పడుంటే అక్కకి ఏం చెప్పేవాడో అతనికి ఇప్పటికీ తెలియదు.

బావమరిది తండ్రి పోయాక పడవ వీళ్లిద్దరి చేతికొచ్చింది. అంతకుముందు బావమరిది మోటారు షెడ్డులో పనిచేసేవాడు. వచ్చీ రాగానే పెద్ద ఇంజను పెట్టాడు. పెద్ద వల కొన్నాడు. పడవ మాత్రం పెరగలేదు.

ఆ రోజు వేట మానేసి సామానంతా గట్టు మీదికి దించారు. వలలు, వాటిని తేల్చే బెండ్లు, లంగరు, గాలాల బుట్ట, డీజిలు డబ్బాలు. ఇదంతా ఇందులో ఎలా పట్టిందో ఇద్దరికీ అర్థం కాలేదు.

"ఇల్లు మారుతున్నట్టున్నారే" అని వినిపించింది.

గట్టు మీద ఎవరో పెద్దాయన. చంకలో చేతిసంచి.

"సర్దడం చేతకాక దించాం" అన్నాడు బావమరిది.

"ఒకసారి ఎక్కొచ్చా?"

"ఎక్కండి, దానిదేముంది."

చెప్పులు విడిచి ఎక్కాడు. అంచు మీద చెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు.

"మీ నాన్న చివరిదాకా పాడేవాడా?"

"నాన్న మీకు తెలుసా?"

"పాట బాగా తెలుసు. ఆ గొంతుకి చేపలన్నీ పారిపోతాయిరా అంటే, చెవిటివి పడతాయిలే అనేవాడు."

బావమరిది గట్టిగా నవ్వాడు. నాన్నని తలుచుకుని నవ్వి చాలా రోజులైంది.

పెద్దాయన వంగి ముందు భాగంలో ఒక పలకని వేళ్లతో తట్టాడు.

"ఇది లేస్తుంది."

"లేవదండీ. బిగించిన పలక."

"బిగించలేదు. మీ రంగే పట్టేసింది."

బావ కత్తితో అంచులు గీకాడు. పలక లేచింది. కింద రెండు వలలు పట్టేంత గుంట. అందులోంచి పాత తారు వాసన, ఉప్పు వాసన కలిసి వచ్చాయి. చిన్నప్పుడు నాన్న ఎత్తుకున్నప్పుడల్లా ఆయన భుజం మీద వచ్చిన వాసన అది. బావమరిది గుంట పక్కనే కూర్చున్నాడు.

"నాన్న మంచాన పడ్డప్పుడు మేమే రంగేశాం. ఆయన్ని అడగలేదు" అన్నాడు.

పెద్దాయన చొక్కా చేతులు మడిచాడు. బరువైనవి కిందికి పంపించాడు. బెండ్లు సంచిలో కట్టి వెనక పీట కింద దూర్చాడు. తాళ్లన్నీ తనే చుట్టాడు. మధ్యమధ్య నాన్న కబుర్లు చెప్పాడు. అన్నం డబ్బా దాచుకుని ఎక్కడ పెట్టాడో మరిచిపోయేవాడట. వలల మీద పడుకుంటే ఉరుమినా లేచేవాడు కాదట.

ఎండ నెత్తికెక్కేసరికి సామాను చాలావరకు ఎక్కింది, అయినా ముందు పీట మొత్తం ఖాళీగా మిగిలింది. పెద్దాయన దాని మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు పడవ బయటికి తీస్తారా?"

"ఒక చుట్టు తిప్పి చూస్తాం."

"నేనూ రానా? ఇవాళే దూరం పోతున్నాను, కూతురి దగ్గరికి. మళ్లీ ఇటు రావడం కుదరదు."

బావమరిది బావ వంక చూశాడు.

"డీజిలు డబ్బాలు ఇంకా ఎక్కించలేదు పెద్దాయనా. పొద్దుట్నుంచీ ఒళ్లు హూనం చేసుకుని చోటు తీసింది మీతో నింపడానికా?" అన్నాడు బావ, సరదాగానే.

"అదీ నిజమే" అని పెద్దాయన లేచాడు.

పీట మీద డబ్బాలు పెట్టి, పడవని సముద్రంలో ఒక చుట్టు తిప్పారు. తిరిగొచ్చేసరికి ఆయన లేడు. క్యారేజీ పట్టుకుని గట్టు మీద అమ్మ ఉంది.

ఆమె చుట్టిన తాళ్ల వంకే చూస్తోంది.

"వీటిని ఎడమవైపుకి చుట్టిందెవరు?"

"ఎవరో పెద్దాయన. నాన్న తెలుసన్నాడు. పడవెక్కి వస్తానంటే చోటు లేదన్నాం."

"ఎడంచేతివాటమా?"

"అవును. ఏమ్మా?"

"పరుగెత్తు. బస్టాండుకి పరుగెత్తు."

బావమరిది చెప్పుల్లేకుండానే పరుగెత్తాడు. బస్సు వెళ్లిపోయింది. ఏ ఊరి బస్సో, ఆయన పేరేమిటో కూడా అడగలేదని అప్పుడు తోచింది.

తిరిగొచ్చేసరికి అమ్మ పడవలో ఉంది. డబ్బాలు పక్కకి జరిపి, ముందు పీట మీద కూర్చుని ఉంది.

"ఎవరమ్మా ఆయన?"

"ఈ పడవ ఆయనదిరా. వలల్లేని వాడికి పడవెందుకని మీ నాన్నకిచ్చేసి, కూలికి పోయాడు. మీ నాన్న తను పోయేదాకా ఆయన కోసం వెతుకుతూనే ఉన్నాడు."

"వలలు ఏమయ్యాయి?"

అమ్మ సముద్రం వైపు చూసింది.

"మీ నాన్న పడవ ముక్కలైన తుఫానులో, నీళ్లలో ఉన్న మనిషిని ఎక్కించుకోడానికి చోటు చాలక, ఆయన తన వలలన్నీ సముద్రంలో పారేశాడు."