ఐదు రోజులా, మూడు వారాలా?

“ఆవిడ చేత సంచి మోయిస్తారేంటండీ మాస్టారూ?”

పాస్టరమ్మ సంపూర్ణమ్మ గొంతుకి గుడిలోనే మైకు అక్కర్లేదు. కాకినాడ ఆసుపత్రి వరండాలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. వద్దన్నా వినకుండా తోడొచ్చిందావిడ.

విజయ్ పాల్ గబుక్కున చెయ్యి చాపాడు. మెర్సీ సంచి అందనివ్వలేదు. “పర్లేదమ్మగారూ, నేనే మోస్తాను.”

మొన్న ఆదివారం గుడిలో విజయ్ పాల్ లేచి నిలబడి ప్రార్థన చేయమని అడిగాడు. రొమ్ము క్యాన్సరన్న మాట నోట్లోంచి వచ్చిందో లేదో, స్త్రీల సమాజమంతా కదిలొచ్చి మెర్సీ తల మీద చేతులుంచింది. అతను ఇంకేదో చెప్పబోయి కూర్చుండిపోయాడు. ఆ రోజు నుంచీ ఇంటికి సూపులు, బత్తాయిలు వస్తూనే ఉన్నాయి. మెర్సీ అన్నీ పుచ్చుకుంటోంది. ఆమెకు ఏడుపు కూడా రావడం లేదు. మనసు మొద్దుబారిపోయింది.

డాక్టరు గదిలోకి భార్యాభర్తలిద్దరే వెళ్ళారు.

“గడ్డ వరకే తీశాం కాబట్టి రేడియేషన్ ఇవ్వాలండి,” అన్నాడు డాక్టరు. “గడ్డ ఉన్న చోటికే ఇస్తే ఐదు రోజులు. రొమ్మంతటికీ ఇస్తే మూడు వారాలు.”

“ఐదు రోజులు చాలండి,” అన్నాడు విజయ్ పాల్ తటాలున. “బళ్ళో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.”

మెర్సీ అతని వైపు చూడలేదు. “తిరగబెట్టకుండా ఏది మంచిదండి?”

“తొలి దశలో చాలామందికి రెండూ ఇంచుమించు ఒకటేనమ్మా. కానీ ఐదు రోజుల పద్ధతిని ఇలాంటి కేసుల్లో పరీక్షించి చూసింది చాలా తక్కువ. నన్నడిగితే మూడు వారాలే.”

“మూడు వారాలంటే ఊరంతా తెలిసిపోతుంది,” గొణిగాడు విజయ్ పాల్.

“ఊరికి తెలిసింది చాల్లెండి,” అంది మెర్సీ. “మూడు వారాలే రాయండి డాక్టరుగారూ.”

బయటికి రాగానే సంపూర్ణమ్మ ఎదురొచ్చింది. “ఎన్నాళ్ళంట?”

“మూడు వారాలండి.”

“ఆడపుట్టుక పుట్టాక తప్పుతుందా తల్లీ! మగాళ్ళకేం తెలుస్తుంది ఈ బాధ?” అంటూ మాస్టారిని ఎగాదిగా చూసింది. మాస్టారు నేల చూపులు చూశాడు.

నర్సు తలుపు తీసింది. “స్కాన్ తీసి ఒంటి మీద గుర్తులు పెట్టాలండి. పైబట్టలు తీసేసి రండి.”

“పద తల్లీ, నేనూ వస్తాను,” సంపూర్ణమ్మ మెర్సీ చెయ్యి పట్టుకుని లాగింది. మెర్సీ అభ్యంతరం చెప్పలేదు. రెండడుగులు వేసింది కూడా.

“ఆగండమ్మగారూ,” అన్నాడు విజయ్ పాల్.

అతను చొక్కా గుండీలు విప్పుతున్నాడు.