పందికి కనబడని దీపం

"ఇంకొక్క పుచ్చకాయ పోయిందంటే నీకు ఎగ్జిట్ కొట్టించి మీ దేశం పంపేస్తాను లింబాద్రీ! రాత్రుళ్ళు కాపలా కాస్తున్నావా, గురక పెడుతున్నావా?"

వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న కఫీల్ ఫహద్ పగిలిన కాయను కాలితో దొర్లించాడు. లోపలి గుజ్జంతా ఖాళీ. సౌదీలోని ఉనైజా శివార్లలో, ఖర్జూరపు చెట్ల నడుమ వేసిన పుచ్చపాదుల్లో ఈ మధ్య రోజూ ఇదే తంతు.

"పండుకోలే ముదీర్! మీ అల్లా తోడు, మా నర్సింహస్వామి తోడు!" అన్నాడు లింబాద్రి. ఆర్మూరు పక్కన గోడలు లేచి స్లాబు కోసం ఆగిన ఇల్లు ఒక్కసారిగా కళ్ళముందు కదిలింది. ఇప్పుడు వెనక్కి పంపేస్తే దానికి ఆకాశమే కప్పు.

నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు. ఫహద్ తండ్రి అబ్దుల్ ఘనీ.

"వాణ్ణెందుకురా తిడతావు? అది పంది చేసిన పని."

"పందా? మన ఖసీంలో పంది ఎక్కడిది నాన్నా?"

"ఇరాక్ లారీల వెనకబడి వచ్చుంటుంది. నా కుర్రతనంలో ఒకటి ఒంటెను తోక పట్టుకుని ఈడ్చుకుపోయింది. నువ్వప్పటికి పుట్టలేదులే."

పనివాళ్ళ ముందు తండ్రి మాట అబద్ధమనడం ఆ ఇంటా వంటా లేదు. ఫహద్ గడ్డం గోక్కుని లింబాద్రి వైపు తిరిగాడు. "మీ దేశంలో ఉంటాయి కదా. చూసి చెప్పు. ఇది పందేనా?"

లింబాద్రి వంగి మట్టి చూశాడు. గిట్టల జాడ ఒక్కటంటే ఒక్కటి లేదు. కానీ పంది కాదంటే, ఇక మిగిలిన దొంగ తనే.

"పందే ముదీర్! మస్తు పెద్దది. మా ఊరి మక్కచేన్ల గిసొంటిదే ఒకటుండె. ఆటో అంత. దాని మీన ముగ్గురు పోరగాండ్లు ఎక్కి బడికి పోతుండిరి."

"చూశావా!" అని ముసలాయన తొడ చరుచుకున్నాడు. తనకు సరిజోడు ఇన్నాళ్ళకు దొరికాడు.

సాయంత్రం ముగ్గురూ పక్క పట్నం బురైదాలో వేట సామాన్ల దుకాణానికి వెళ్ళారు. అక్కడ పనిచేసేది రాయచోటి దస్తగిరి. మర్యాదగా అరబ్బు కాఫీ గహ్వా పోసి, ఖర్జూరాల పళ్ళెం పెట్టాడు. ఫహద్ ఆ పళ్ళేన్ని తండ్రికి అందకుండా జరిపేశాడు.

"షుగరు నాన్నా. డాక్టరు ఏం చెప్పాడు?"

"నా ఇంట్లో చక్కెర డబ్బాకు తాళం, బజార్లో నా కొడుకే తాళం," అని ముసలాయన నిట్టూర్చి చేదు గహ్వా మింగాడు.

దస్తగిరి రాత్రి వేట దీపాలు వరసగా పరిచాడు. తెల్లది, ఆకుపచ్చది, ఎర్రది. పరుస్తూనే లింబాద్రిని తెలుగులో అడిగాడు.

"యా జంతువుకన్నా?"

"పందికి."

"ఈ ఎడార్లో పందా? ఎవురు సెప్పినారు నీకు?"

"మెల్లగ మాట్లాడు తమ్మీ. పంది లేకుంటే రేపు నేను విమానంల ఉంట."

"అట్లయితే ఉండాదిలే! మా కొండల్లో దానికంటే పెద్దదే ఉండాది."

"ఏంటా గుసగుస?" అన్నాడు ఫహద్.

"రంగుల ముచ్చట ముదీర్," లింబాద్రి ముందుకొచ్చాడు. "తెల్లది ఏస్తే పంది ఉరుకుతది. ఆకుపచ్చ దూరం కొడ్తది గని, ముదురు పందయితే పసిగడ్తది. ఎర్రది దాని కండ్లకు ఆనది. పక్కకు పోయి నిలవడ్డా మేసుకుంటనే ఉంటది."

దస్తగిరి అరలోంచి నల్లటి గొట్టం ఒకటి తీశాడు. ఫహద్‌కు అరబ్బీలో చెప్పాడు. "ఇది కొత్తగా వచ్చింది. దీని వెలుతురు పందికీ కనబడదు, మనిషికీ కనబడదు. తుపాకికి బిగిస్తే చీకట్లో చీమ కూడా తప్పించుకోలేదు."

ఫహద్ కళ్ళు మెరిశాయి. "ఇదే కట్టు!"

"వద్దు!" ముసలాయన చేతికర్ర నేలకేసి కొట్టాడు. "కనబడని దీపంతో నువ్వు కాలిస్తే దారిన పోయే మనిషి గతేంటి? పక్క తోటలో కూలీలు తిరుగుతుంటారు. తుపాకి వస్తోందని మనిషన్నవాడికి తెలియొద్దూ?" లింబాద్రి వైపు తిరిగాడు. "ఎర్రది మనిషికి కనబడుతుందా?"

"మనిషికా బాబా? అంత దూరం నుంచే అగుపిస్తది."

"అయితే ఎర్రదే!"

ఆ దయాగుణానికి ఫహద్ కరిగిపోయి తండ్రి నుదుటిని ముద్దు పెట్టుకున్నాడు.

ఆ రాత్రి నుంచి తుపాకి పట్టుకుని ఫహద్, ఎర్ర దీపం పట్టుకుని లింబాద్రి. ఈ చివర వాళ్ళుంటే ఆ చివర కాయ పగిలేది. ఆ చివరికి పరిగెత్తితే ఈ చివర. పంది తోక కూడా దొరకలేదు. కానీ ఫహద్‌కు ఒకటి మాత్రం తేలిపోయింది.

"నువ్వు నా పక్కనే ఉన్నావు, కాయ పోయింది. కాబట్టి దొంగవు నువ్వు కాదు. దీన్ని పట్టేదాకా నువ్వు ఎక్కడికీ పోవడానికి వీల్లేదు!" అని లింబాద్రి నివాస అనుమతి ఇఖామాను రెన్యువల్ చేయించేశాడు.

స్లాబు గండం గడిచింది గానీ, లింబాద్రికి కొత్త భయం పట్టుకుంది. మర్నాడు దస్తగిరికి ఫోన్ చేశాడు.

"తమ్మీ, అది నిజంగనే ఉన్నది! రాత్రి నమిలే సప్పుడు నా చెవులార ఇన్న!"

"నువ్వు పుట్టించిన పందే కదన్నా! నీకే భయమా?"

"నేనెక్కడ పుట్టించిన? పాపం ఆ పెద్దమనిషి ముందుగాల్నే చెప్పిండు. మనమే నమ్మలే!"

ఆ రాత్రి కూడా, తోట అవతలి చివర ఎర్ర దీపం కదలగానే, ఈ చివర పాదుల మధ్య కూర్చున్న అబ్దుల్ ఘనీ గబగబా మూతి తుడుచుకున్నాడు.