చుట్టకో మాట

నా కళ్ళకి గంతలు కట్టి, ముక్కు కింద ఏ చుట్ట వెలిగించినా సరే, ఆ ఆకు ఏ దేశంలో పండిందో చెప్పేస్తాను. ఎండలో ఆరిందో నీడలో ఆరిందో చెప్పేస్తాను. చుట్టిన మనిషిది కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో కూడా చెప్పేస్తాను. కావాలంటే మా ఇంట్లో ఎవర్నైనా అడగండి.

అందుకే అక్క ఈ పని నాకు అప్పగించింది.

మా బావ రేవులో క్రేను నడిపిన మనిషి. ఓడవాళ్ళు తెచ్చిచ్చే క్యూబా చుట్ట తప్ప ఇంకోటి పెదవికి తగలనిచ్చేవాడు కాదు. అదెంత ఘాటంటే, ఆయన క్రేను మీద కూర్చుని వెలిగిస్తే కింద ఓడ దానంతటదే రేవు వదిలి పోయేది.

ఇప్పుడాయన కిటికీ పక్క కుర్చీకి అంకితమయ్యాడు.

"ఆయన కాల్చడం కుదరదు," అన్నాడు డాక్టరు. "పక్కన ఎవరైనా కాలిస్తే వాసన చూడొచ్చు. పొగ మెత్తగా ఉండాలి. వాసన మాత్రం ఆయనకి అలవాటైనదే కావాలి. ప్రయత్నించండి, పోయేదేముంది?"

డాక్టరు 'పోయేదేముంది' అన్నాడంటే, ఆయన దగ్గర మందులు అయిపోయాయని అర్థం.

ఇంటికి రాగానే అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఒరేయ్, ఆయన చేత ఒక్కసారి 'బాగుంది' అనిపించరా. నాకింకేం వద్దు."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నీ వంటనే బాగుందనలేదు కదక్కా. నా చుట్టనంటాడా?"

అక్క నవ్వలేదు.

చుట్టల దుకాణంలో మీసాలాయన బల్ల మీద మూడు రకాలు పరిచాడు. "మూడూ మెత్తనివే. ఒక్కటీ క్యూబాది కాదు, విత్తనం మాత్రం అక్కడిదే. మేనల్లుళ్ళనుకోండి. పుట్టింది వేరే ఇంట్లో, పోలిక మేనమామది. వెలిగించి చూస్తారా?"

వెలిగించాను. రెండో పీల్పుకే కళ్ళలోంచి నీళ్ళు, ముక్కులోంచి పొగ. చెవుల్లోంచి ఏమొచ్చిందో నేను చూడలేదు.

మీసాలాయన మంచినీళ్ళ గ్లాసు అందించి, "చుట్ట కాల్చడం ఇదే మొదలా?" అన్నాడు.

మొదలే. పైన చెప్పిన గంతల సంగతి మరిచిపోండి. నాకు చుట్టకీ చీపురుపుల్లకీ తేడా తెలియదు. మా ఇంట్లో ఎవర్నీ అడక్కండి. అక్కకి ఉన్నది నేనొక్కణ్ణే తమ్ముణ్ణి, అదీ అసలు సంగతి.

ఇంటికొచ్చి మొదట డొమినికన్ దేశపు చుట్ట వెలిగించాను. లేతరంగు ఆకు. పొగ మీగడలా ఉంది, చివర్లో కాస్త వేయించిన బాదం వాసన. బావ వైపు వదిలాను.

"ఇది చుట్టేనట్రా? పాలపీకలా ఉంది," అన్నాడు బావ. "జోలపాట కూడా పాడతావా?"

వంటింట్లోంచి అక్క కేకేసింది. "ఏమైనా అన్నాడా?"

"ఇంకా లేదక్కా."

బావ చేత మాట పడటం నాకు కొత్త కాదు. వాళ్ళ పెళ్ళిలో నేను వేసుకున్న చొక్కా దగ్గర్నుంచి నిన్నమొన్నటి నా బట్టతల దాకా అన్నిటికీ పడ్డాను. ఆయన చేత మాట పడని రోజు నాకు అన్నం సయించేది కాదు.

మర్నాడు హోండురాస్‌ది. తడిమట్టి, పాత చెక్కపెట్టె కలిసిన వాసన. క్యూబాదానికీ దీనికీ చుట్టరికం ఉన్న మాట నిజమే గానీ, బాగా దూరపు చుట్టరికం.

"మట్టి వాసనొస్తోంది," అన్నాడు బావ. "నన్నప్పుడే పూడ్చేద్దామనా? తొందరేముందిరా, భోంచేసి పూడ్చుదువుగాని."

"ఏమైనా అన్నాడా?"

"లేదక్కా."



ఆఖరిది నికరాగ్వాది. "ఇదీ కాకపోతే నా దగ్గర ఇంకేం లేదు బాబూ," అని మీసాలాయన ముందే చేతులెత్తేశాడు. దగ్గకుండా పీల్చడం అప్పటికి నాకు కాస్త పట్టుబడింది. దేవదారు చెక్క, వేగిన కాఫీ గింజ, లోపలెక్కడో కొత్త తోలుచెప్పు. చిన్నప్పుడు బావ పక్కన నడుస్తుంటే తగిలిన వాసన ఇదే. పొగ కిటికీ వెలుగులో నీలంగా మెలికలు తిరిగి, ఆయన ముఖం మీదుగా సాగిపోయింది.

"బావా, ఇంక నా దగ్గర వేరే చుట్ట లేదు," అన్నాను. "బాగుంటే బాగుందను. లేకపోతే తిట్టు. ఏదో ఒకటి అను."

బావ గొంతు తగ్గించాడు.

"బాగుందిరా. మీ అక్కకి మాత్రం చెప్పకు. ఇన్నేళ్ళ వంట సంగతి బయటికి లాగుతుంది."

అక్క తడిచేతులతో గుమ్మంలోకి వచ్చింది. ఈసారి కేక వెయ్యలేదు. నా మొహంలోకి చూసి, నెమ్మదిగా అడిగింది.

"ఏమైనా అన్నాడా?"

"లేదక్కా. ఏమీ అనలేదు."

అక్క ఆయన మూతి తుడిచింది. చొక్కా మీద రాలిన బూడిద దులిపింది. వీపు వెనక దిండు సర్దింది.

"పోనీలే," అంది. "రేపు మళ్ళీ మొదటిది వెలిగించి చూడు."

చుట్ట నా వేళ్ళ మధ్య కాలుతూనే ఉంది. దాన్ని ఎలా ఆర్పాలో కూడా నాకు తెలియదు.

గంతల గొప్ప ముందే ఒప్పుకున్నాను కనక, ఇందులో నేను కల్పించింది ఇక ఒక్కటే, బావ అన్న మాటలు: పోయిన వానాకాలంలో ఆయనకి మాట పడిపోయింది మొదలు, నేను ఆయన చేత ఒక్క మాటా పడలేదు.