తీపి తగిలిన సిల్వానర్

గెర్లిండ్ ఆస్పరాగస్ కాడలకు చెక్కు తీస్తున్నట్టు లేదు, ఎవరి చర్మమో ఒలుస్తున్నట్టుంది.

"మెల్లగానే తల్లీ, సగం కాడ తొక్కలోనే పోతోంది," అంది తల్లి అఫ్రా.

"పోనీ! నాన్న మూడుసార్లు నా వైన్‌ని తీపి అన్నాడమ్మా. తీపి జాడే లేదని పట్నం ల్యాబువాళ్ళు కాగితం రాసిచ్చారు. కాగితానికి నాలుక ఉంటుందా అంటాడు!"

ఆ ఇంటి పద్ధతి అది. తోటలో తెల్ల కాడలు తెగగానే, వాటితో పాటు కొత్త సిల్వానర్ తెల్ల వైన్‌ని ఇంటిపెద్ద రుచి చూడాలి. ఆయన 'ఊఁ' అంటేనే గేటుకు పచ్చకొమ్మల కట్ట కడతారు. కొమ్మలు కనబడితేనే ఊరు వాళ్ళ పెరట్లోకి తాగడానికి వస్తుంది. ఈ ఏడు మూడుసార్లు కాడలు ఉడికాయి. కొమ్మలు మాత్రం వాకిట్లోనే ఎండుతున్నాయి. శనివారం లోగా తేలకపోతే వైన్ మొత్తం కారుచవగ్గా కొనుక్కుపోయే ట్యాంకర్‌వాడి పాలు. నలుగురి వైన్‌లో కలిసిపోతుంది, ఎవరి పేరూ ఉండదు.

అది గెర్లిండ్ తన చేత్తో చేసిన మొదటి వైన్. ఫిబ్రవరిలో తండ్రి బుర్కార్ట్ రెండు వారాలు జ్వరంతో మంచం దిగలేదు. వైన్ పీపాలుండే నేలమాళిగ తాళాలు అప్పుడే ఆమె చేతికొచ్చాయి. ఆయన లేచాక మొదలయింది ఈ పేచీ.

"ఇవాళ నాది పొయ్యకు," అంది గెర్లిండ్ గొంతు తగ్గించి. "కిందటేడు ఆయన చేసిన వైన్ సీసా తీసి కూజాలో పొయ్యి. నాదని చెబుతాను. తన వైన్‌ని తనే తిట్టుకుంటాడు, చూడు."

అఫ్రా కాసేపు కూతుర్ని చూసింది. "సరే. కూజా సంగతి నాకొదిలెయ్."

పొయ్యి మీద వెన్న అలాగే వదిలేసి కూజాతో కిందికి దిగింది. ఆమె తిరిగొచ్చేసరికి వెన్న మాడి వంటిల్లంతా కమురు వాసన.

బుర్కార్ట్ వచ్చి కూర్చున్నాడు. వెన్న రంగు మారితే ఆ వాసనకే వీధిలోంచి అరిచే మనిషి, ఇవాళ ఒక్క మాటా అనలేదు. 'తిట్లన్నీ నాకోసం దాచుకున్నట్టున్నాడు,' అనుకుని గెర్లిండ్ పళ్ళు నూరింది.

అఫ్రా కూజా వంచి తాతగారి మందపాటి ఆకుపచ్చ గ్లాసు నింపింది. బుర్కార్ట్ ఇంకో గ్లాసు ముట్టడు. ముక్కు గ్లాసులో పెట్టి చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచి పెళ్ళాం మొహంలోకి చూశాడు. అఫ్రా పొయ్యివైపు తిరిగిపోయింది. అప్పుడు ఒక గుక్క తాగాడు.

"మళ్ళీ అదే తీపి!" గ్లాసు బల్ల మీద మోగింది. "కాడల చిరుచేదు ముందు నిలబడాలంటే పులుపు కత్తిలా ఉండాలి. వెన్న జిడ్డుని కోసెయ్యాలి. ఇది పెళ్ళి కేకు పక్కన పెట్టుకో!"

"పోనీ, నది చేప పక్కకి?" అంది గెర్లిండ్.

"చేపకీ కాదు, పంది తొడమాంసానికీ కాదు. ట్యాంకర్‌వాడికి ఫోన్ చెయ్యి. నా తండ్రి తోట పరువు తీశావే!"

"తీసింది నువ్వు!" గెర్లిండ్ లేచింది. "అది నీ వైన్ నాన్నా! కిందటేడు నువ్వే చేసింది! కాడల కోసమే పుట్టిందని ఊరంతా చెప్పుకున్నావే, అదే!"

బుర్కార్ట్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఫోర్కు తీసి మళ్ళీ పెట్టేశాడు. లేచి వాకిట్లోకి వెళ్ళి, ఎండిన కొమ్మల దగ్గర వీపు తిప్పి నిలబడ్డాడు.

"చూశావా అమ్మా? వైన్ మీద కాదు, నా మీద పగ! కూతురు చేసిందంటే చాలు, అమృతమైనా ఉమ్మేస్తాడు!"

"నేను పోసింది నీదీ కాదు, ఆయనదీ కాదు," అంది అఫ్రా. ఆకుపచ్చ గ్లాసు కూతురి ముందుకు జరిపింది. "తాగి చూడు."

గెర్లిండ్ అదే కోపంతో గ్లాసెత్తి గటగటా తాగేసింది.

మంచినీళ్ళు.