బుజ్జిగాడి బొంత

అంచు దాకా వచ్చిన కుట్టును ఆమె మళ్ళీ విప్పడం మొదలుపెట్టింది.

“మళ్ళీనా?” అన్నాడు భర్త, గుమ్మంలో చెప్పులు విడుస్తూ. “పొద్దున నేను వెళ్ళేటప్పటికి ఆ మూల అయిపోయింది కదా.”

“వెనకవైపు కుట్టు పక్కకు పోయింది.”

“వెనకవైపు ఎవరు చూస్తారు?”

“అది చూస్తుంది.”

అది అంటే స్నేహితురాలు. కుట్టుపని నేర్చుకునే రోజుల్లో ఇద్దరిదీ ఒకే బల్ల. ఎవరేం కుట్టి తెచ్చినా ఆ మనిషి ముందు తిరగేసి చూసేది. “ముడులెక్కడ దాచావే?” అంటూ వేలితో తడిమేది. ఈమె చొక్కా కుట్టినా, దిండు గలీబు కుట్టినా ఆ వేలికి ఏదో ఒకటి తగిలేది.

అలాంటి మనిషికి, బుజ్జిగాడు పుట్టాడని ఫోన్ వచ్చిన రోజున, సంతోషం పట్టలేక మాటిచ్చేసింది. “నా చేత్తో కుట్టిన బొంత తీసుకునే వస్తాను. అప్పటిదాకా నీ గడప తొక్కను.”

మెత్తబడ్డ పాత నూలుబట్టలు ఏరి, ఉతికి, పొరలుగా పరిచింది. పైన పసుపు ముక్కలు, మధ్యమధ్య తెల్లవి. మిషను ముట్టుకోలేదు. అంతా చేతికుట్టే.

కుట్టడానికి కూర్చుంటే చాలు, లేచి నీళ్ళు తాగుతుంది. కిటికీ మూస్తుంది, మళ్ళీ తెరుస్తుంది. వచ్చి ఒక వరస కుడుతుంది. తిరగేస్తుంది. ఎక్కడో ఒక కుట్టు తోటివాటికంటే కాస్త పొడుగై పళ్ళికిలిస్తూ ఉంటుంది. కత్తెర అందుకుంటుంది. విప్పుతున్నంతసేపూ మాత్రం కుదురుగా కూర్చుంటుంది. పూర్తికాని దానికి ఎవరూ వంక పెట్టలేరు కదా.

“ఇలాగైతే వాడి పెళ్ళికి కప్పుతావు,” అన్నాడు భర్త.

“నవ్వండి. మీకేం?”

“నవ్వడం ఎప్పుడో మానేశాను. ఆ సూది ఇలా తే, దారం ఎక్కిస్తాను.”

సూదిబెజ్జం ఆమె కంటికి ఆనడం లేదు. పసుపు దారం కూడా అయిపోవచ్చింది. ఆ రంగు ఇప్పుడు రావడం లేదని వీధి చివరి కొట్టతను చెప్పాడు. విప్పిన దారాన్నే సాగదీసి, వేలికి చుట్టి దాచుకుంటోంది.

ఫోన్ మోగింది. స్నేహితురాలు.

“ఎలా ఉన్నాడే బుజ్జిగాడు?” అంది ఈమె, మాట బొంత మీదికి పోకముందే.

“ఏముంది, రాత్రంతా మెలకువ, పగలంతా నిద్ర. జుట్టు తీయిద్దామంటే ఇల్లు పీకి పందిరేస్తాడు. నేను చెబితే వినడు, వాళ్ళ నాన్న గొంతు పెంచితే మూతి ముడుస్తాడు.”

ఈమె నవ్వింది. అవతల నవ్వు వినిపించలేదు.

“ఆయనకు బదిలీ అయిందే. ఆదివారం సామాను ఎత్తేస్తున్నాం. వెళ్ళేది ఎక్కడో దేశం ఆ చివరకి. ఈ ఒక్క పూట ప్రయాణానికే రానిదానివి, అక్కడికేం వస్తావులే.”

“ఒక్క అంచే మిగిలింది. అది కాస్తా…”

“ఆ బొంతలో వాడి కాళ్ళు కూడా పట్టవు. దాని సంగతి వదిలెయ్. నీ మొహం మర్చిపోతున్నానే నేను. ఈసారీ రాకపోతే, ఇక నేను ఫోన్ చెయ్యను.”

కోపంగా అనలేదు. అదే ఈమెను భయపెట్టింది.

ఆ తర్వాత పొయ్యి మీద ఏం మాడిందో, తలుపు ఎవరు కొట్టారో ఆమెకు తెలీదు. లేస్తే మళ్ళీ కూర్చోలేనని లేవలేదు. శనివారానికి ఆఖరి మూల చేరింది. తిరగేసి చూసింది. సరిగ్గా చివరి కుట్టు వంకర పోయింది. చెయ్యి దానంతటదే పక్కకు పాకింది. కత్తెర లేదు. భర్త జేబులోంచి దాని పిడి కనబడుతోంది.

“ఇవ్వండి.”

“ఇవ్వను. ఆవిడకు కావలసింది బొంతా, నువ్వా?”

ఆమె దారాన్ని పళ్ళతో కొరికింది. వంకరను వంకరగానే ఉంచి బొంత మడతపెట్టింది.

రైల్లో సంచి ఒళ్ళో పెట్టుకుంది. కింద పెట్టింది. మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. రైలు ఆగిన ప్రతిచోటా దిగిపోదామనిపించింది. బొంత బయటికి తీసి మూల తడుముకుంటుంటే ఎదురుసీటు పెద్దావిడ ముందుకు వంగింది.

“భలే కుట్టావమ్మా. ఎవరికి?”

“మా స్నేహితురాలి కొడుక్కండి.”

“మొదటి కాన్పా?”

“అవునండి.”

“పెట్టి పుట్టాడు. ఎన్నో నెల?”

ఆమె వినపడనట్టు కిటికీ అద్దం దించింది.

స్నేహితురాలి ఇంటి మెట్ల మీద తాళ్ళతో కట్టిన అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. వాటి మధ్య నుంచి పక్కకు తిరిగి ఎక్కాల్సి వచ్చింది. తలుపు ముందు నిలబడి సంచి చెయ్యి మార్చుకుంది. ఒకసారి వెనక్కి చూసింది. వీధి చివర ఖాళీ ఆటో ఒకటి నెమ్మదిగా మలుపు తిరుగుతోంది, పిలిస్తే ఆగేలా ఉంది.

గంట నొక్కేసింది.

“బుజ్జీ, ఎవరో చూడరా” అని లోపల్నుంచి స్నేహితురాలి గొంతు వినబడింది, తలుపు తీసిన బుజ్జిగాడి ఒక చెంప నున్నగా గీసి ఉంది, రెండో చెంప నిండా గడ్డం సబ్బు నురగ.